కోడలు అనకూడని మాట

అయూ-సాయ్ ఎగువ మేత,
జూన్ 1999

పెరిజాత్ అక్కా,

మనుషులూ గొర్రెలూ గుర్రాలూ అందరూ క్షేమం. ఈ వరసలో రాయకపోతే అమ్మ ఒప్పుకోదని ముందు ఇది రాశాను. ఇక నా గోల విను.

పెళ్ళయి నెల దాటిందో లేదో నన్ను కొండెక్కించేశారు. ఆయన గుర్రాల మందతో అవతలి లోయకు వెళ్ళారు, చలి మొదలయ్యేదాకా రారు. ఇక్కడ ఉన్ని గుడారంలో నేను, మా అత్తయ్య, పాలివ్వడానికి మొండికేసే ఆడగుర్రాలు. నా తలగుడ్డ కాస్త జారితే చాలు, అత్తయ్యకు దగ్గొస్తుంది. మామయ్య కిందా పైనా తిరుగుతుంటారు. కోడలు మామగారి పేరు పలకకూడదు కదా, ఆయన పేరులో ఉన్నదాన్ని ఇప్పుడు నేను 'గట్టిది' అంటున్నాను. పొయ్యి చుట్టూ గట్టివి పేర్చాను, నిన్న కాలికి గట్టిది తగిలింది. నవ్వకు. నీకూ పెళ్ళవుతుంది.

మీ కుర్రకారు సంఘం పంపిన రేడియో నాకే ఇచ్చారు. కుబాత్ మోసుకొచ్చి, ఏది నొక్కితే మాట వెళ్తుందో చూపించాడు. సరస్సు ఒడ్డున గట్టిదాని మీద ఎర్ర రంగుతో గీతలు గీశాడు. పొద్దునా సాయంత్రం నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి కింద ఊరికి చెప్పాలట. పక్కనే పాత కాపలా గుడిసె తలుపుల్లేకుండా నిలబడి ఉంది. మామయ్య దాన్ని చూసి అన్నారు కదా: "ఆ రోజుల్లో ఈ సరస్సును చూడ్డానికి ప్రభుత్వం హెలికాప్టరు పంపేది. ఇప్పుడు నా కోడలొచ్చింది. దేశం బాగుపడినట్టే!"

అందరం నవ్వాం. కానీ సాయంత్రం గుట్టెక్కి సరస్సును చూశాక నాకు నవ్వు రాలేదు. నీళ్ళకు అడ్డుగా ఉన్న కట్ట మనుషులు కట్టింది కాదు కదా, మంచూ మట్టీ కలిసి దానంతటది నిలిచింది. దాని లోపల ఏదో కదులుతున్న చప్పుడు వినిపిస్తుంది. అత్తయ్యకు వినబడదట. నాకు మాత్రం వినబడుతోంది.

సపర్ మామ పాలబండి రేపు కిందికి వెళ్తుంది, ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను.

నీ కుందుజ్


బిష్కెక్,
జూన్

కుందుజూ,

నీ ఉత్తరం పాలవాసనతో వచ్చింది. సపర్ మామ దాన్ని డబ్బా మీద పెట్టి తెచ్చుంటాడు.

నవ్వొద్దన్నావు కానీ నవ్వాను. తాష్ అంటే రాయి అని లోకమంతా అంటుంటే, తాష్తాన్ గారి కోడలు ఉత్తరంలో కూడా 'గట్టిది' అంటోంది! ఆయన నా చిరునామాకు వచ్చి చదువుతారా ఏమిటి?

చప్పుడు సంగతి మాత్రం నవ్వులాట కాదు. కట్ట లోపలి మంచు కరుగుతుంటే అలాగే వినిపిస్తుంది. మా మాస్టారికి చెప్పాను. ఆయన పాత ఫోటోలు తీసి చూపించారు. నువ్వు పుట్టిన ఏడు ఆ సరస్సు ఒక మడుగంత ఉండేది. "ఇప్పుడు చూసేవాళ్ళెవరు, డబ్బెక్కడిది?" అని ఫోటోలు మళ్ళీ సొరుగులో పెట్టేశారు. పెద్దవాళ్ళందరి సొరుగుల్లోనూ మన లోయ ఫోటో ఒకటి ఉంటుంది కాబోలు. అందుకే కుబాత్ వాళ్ళను కూడగట్టాను. ఏటి ఒడ్డు కోసుకుపోకుండా విల్లో చెట్ల కొమ్మలు నాటించాను. సరస్సు నుంచి సన్నని కాలువ తవ్వి నీళ్ళు కొద్దికొద్దిగా దించుదామంటే మీ మామగారే అడ్డుపడ్డారు. ఆగస్టులో గడ్డిచేలకు నీళ్ళు చాలవన్నారు, "మీసాలు మొలిచాక రండి" అన్నారు. నాకు మీసాలెప్పుడు మొలుస్తాయి, చెప్పు.

కాలువ తవ్వేదాకా మనకున్నది రేడియో ఒక్కటే. కుబాత్ చెప్పాడు కదా, కట్ట తెగితే అనాల్సింది ఒక్కటే మాట: తాష్కిన్. వరదకు ఇంకే మాటా వాడొద్దు. 'సెల్' అన్నా వరదే కానీ పొట్టి మాట, రేడియో గరగరలో కలిసిపోతుంది. నేనే ఏరి పెట్టాను. ఆ మాట వినగానే ఊరంతా మసీదు గుట్టెక్కాలి. అమ్మ ఇల్లు ఏటికి ఎంత దగ్గరో నీకు చెప్పక్కర్లేదు. ఈ నెలలో ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూడండి.

పెరిజాత్


ఎగువ మేత,
జూలై

అక్కా,

ఎండబెట్టిన పెరుగు ఉండలు పంపుతున్నాను, హాస్టల్లో దాచుకుని తిను.

నువ్వు చెప్పినట్టే ఉత్తుత్తి పరీక్ష చేశాం. బాగానే జరిగింది.

నీళ్ళు మొదటి గీత దాటాయి. ఈసారి ఎండలు మరీ ఎక్కువ, మధ్యాహ్నమయ్యేసరికి మంచుగడ్డ మీంచి నీళ్ళు కారడం గుడారంలోకి వినిపిస్తోంది. అత్తయ్యకు కూడా ఇప్పుడు చప్పుడు వినబడింది. ఆ రోజు నుంచి రొట్టె కాల్చేటప్పుడు నాతో ఏమీ అనడం లేదు, నా తలగుడ్డ జారినా దగ్గడం లేదు. అది మరీ భయంగా ఉంది.

కింద కుర్రాళ్ళకు మాత్రం రేడియో ఆటబొమ్మ అయింది. పొద్దున్నే నొక్కి నువ్వేరిన మాట కేకేస్తారు, తర్వాత "చాయ్ మరిగింది, రండి!" అంటారు. ఒకడి మేక తప్పిపోతే అదే కేక. అరుపులకు మొదట్లో ముసలమ్మలు చెప్పులు వేసుకుని బయటికొచ్చేవాళ్ళట. ఇప్పుడు కిటికీలోంచి తిట్టి ఊరుకుంటున్నారట. మామయ్యయితే, "ఆ డబ్బా మళ్ళీ కూసిందంటే ఏట్లో పారేస్తా" అన్నారు.

నాకు ఈ మధ్య పొద్దున వికారంగా ఉంటోంది. ఎవరికీ చెప్పలేదు, నీకే.

కుందుజ్


బిష్కెక్,
జూలై

కుందుజ్,

"బాగానే జరిగింది" అని రాశావు. కుబాత్ ఉత్తరం కూడా ఈ రోజే వచ్చింది. వాడేం రాశాడో చదువు:

"మీ చెల్లి ఆ మాట అనలేదు. చాలాసేపు గరగర మాత్రం వచ్చింది. తర్వాత 'నీళ్ళొస్తున్నాయి' అంది. గడ్డిచేలకు నీళ్ళ వంతు వచ్చిందనుకుని నేను ఊళ్ళో చెప్పాను. అందరూ పారలు పట్టుకుని ఏటి కాలువకు వెళ్ళారు. అందరికన్నా ముందు మీ అమ్మగారే."

అమ్మ పార పట్టుకుని ఏటిలోకి నడిచింది! అది నిజమైన వరదైతే? మన ఊళ్ళో "నీళ్ళొచ్చాయా?" అని పొద్దున లేచినప్పటినుంచీ అడుగుతూనే ఉంటారు కదా, అందుకేగా వేరే మాట పెట్టింది!

సిగ్గుపడ్డావా? పది మంది మగపిల్లలు వింటున్నారని గొంతు పెగల్లేదా? చిన్నప్పుడు వీధి చివరినుంచి నన్ను పిలిస్తే ఊరంతా తిరిగి చూసేది. ఆ గొంతు ఏమైంది? కోపంగానే రాస్తున్నాను. వికారం సంగతి చదివి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇప్పుడు నీ గొంతు మీద ఇద్దరున్నారు, అమ్మతో ముగ్గురు. ఎందుకనలేదో చెప్పు.

పెరిజాత్


ఎగువ మేత,
ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి పిండి సంచిలో దాచాను.

సిగ్గు కాదు. అనలేను. అనకూడదు.

నువ్వు 'గట్టిది' దగ్గర నవ్వావు కానీ ఆ మాట దగ్గర ఆగలేదు. నువ్వేరిన మాటను నీలోనువ్వు మెల్లగా అనుకుని చూడు, మొదలేం వస్తుందో. నోరు తెరవగానే వచ్చేది మా మామయ్య పేరే. ఈ ఇంట్లో అడుగు పెట్టిన రోజున అత్తయ్య నా నోట్లో వెన్న పెట్టి, "పెద్దాయన పేరు ఈ నోట రాకూడదు" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ కూడా అనలేదు. ఆ రోజు బటన్ నొక్కి నిలబడ్డాను. అత్తయ్య పక్కనే ఉంది, కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది. నాలుక కదల్లేదు. నా నాలుక నా మాట వినలేదు, నిజంగా.

కుబాత్‌కు ఎలా చెప్పను? చెప్పాలంటే ఆ మాట అనాలి కదా!

అక్కా, నాకు చాలా భయంగా ఉంది. నీళ్ళు మూడో గీత మీదున్నాయి, దానిపైన కుబాత్ ఇంకేం గీయలేదు. కట్ట కింది అంచున బురదనీళ్ళు ఊరుతున్నాయి, నిన్నటికి ఈ రోజుకి ఎక్కువయ్యాయి. గొర్రెలు ఆ పక్కకు మేతకు పోవడం లేదు, తోలినా వెనక్కి వస్తున్నాయి. ఊళ్ళో చెప్పమని మామయ్యను అడిగితే, "కోత అయ్యేదాకా చేలు వదిలి ఎవరొస్తారమ్మా" అని, గడ్డి కోతకు కిందికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆయన కూడా వెనక్కి తిరిగి కట్ట వైపు చూశారు. నేను గమనించాను.

మాట మార్చు. ఏదైనా పెట్టు. 'మేక' అని పెట్టు, 'కుందుజ్' అని పెట్టు. త్వరగా.

కుందుజ్


బిష్కెక్,
ఆగస్టు

కుందుజూ, నా బంగారూ,

చదవగానే గొంతెత్తి అన్నాను, గదిలో అమ్మాయిలు ఉలిక్కిపడ్డారు. తాష్... తాష్కిన్. ఛీ! నీళ్ళ శాస్త్రం చదువుతున్నాను, మంచు ఎంత వేగంగా కరుగుతుందో లెక్క కట్టగలను. నా సొంత చెల్లెలు ఏ మాట అనలేదో మాత్రం తట్టలేదు. మగపిల్లలకూ తట్టలేదు, వాళ్ళెందుకు ఆలోచిస్తారు?

టెలిఫోను కేంద్రంలో పొద్దుటినుంచీ కూర్చున్నాను. మన వైపు లైను కలవడం లేదు, కలిసినా జిల్లా కేంద్రం దాకానే. అందుకే ఇదే బస్సుకు రెండు ఉత్తరాలు పంపుతున్నాను, ఒకటి నీకు, ఒకటి కుబాత్‌కు. సపర్ మామ అందుకుని సోమవారం పాలబండిలో పైకి తెస్తాడు.

కొత్త మాట 'అల్తిన్'. బంగారం. మీ అత్తవారింట్లో ఆ పేరువాళ్ళు ఎవరూ లేరని నా పక్క మంచం గుల్నుర్‌ను కూడా అడిగి చూసుకున్నాను, ఆమెది మీ అత్తవారి వీధే. బంగారం అని ఎంత గట్టిగానైనా అరవొచ్చు.

అందేలోగా జరిగితే... అందేలోగా జరగకూడదు. రోజూ దేవుణ్ణి అదే అడుగుతున్నాను. నేను నమాజు చెయ్యడం చూసి గుల్నుర్ నన్ను గుర్తుపట్టలేదు.

అక్క


బిష్కెక్,
ఆగస్టు చివర

కుందుజూ,

నిన్న మధ్యాహ్నం హాస్టల్ మెట్ల దగ్గర పెద్దమ్మ కనిపించింది. ఆవిడ వెనక మన ఊరి పెద్దవాళ్ళు ఇద్దరు, టోపీలు పెట్టుకుని. "ఏం లేదమ్మా, ఇటు వచ్చాం, మా ఇంటికి రా, టీ తాగుదువు గాని" అంది పెద్దమ్మ. చావు కబురు దూరాన ఉన్నవాళ్ళకు ఎలా చెప్తారో మనకు తెలుసు కదా. ఒక్కరుగా రారు, నిలబెట్టి చెప్పరు. ఇంటికి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, ముందు టీ ఇస్తారు.

ట్రాలీబస్సులో పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు. దారి పొడుగునా వాతావరణం గురించి మాట్లాడింది. నేను ఒక్కటే అనుకుంటున్నాను, అమ్మా, కుందుజా? అమ్మా, కుందుజా? ఎవరో ఒకరిని ఎంచుకోమంటున్నట్టు ఉంది. అడగాలంటే భయం, అడక్కపోతే భయం. టీ పోశారు. గిన్నె ముట్టుకోలేదు. పెద్దాయన మన వంశంలో పోయినవాళ్ళను ఒక్కొక్కరినీ తలుచుకుంటూ వచ్చి, చివర "మీ సపర్ కూడా వాళ్ళ దగ్గరికి వెళ్ళాడమ్మా" అన్నాడు.

నేను ఏడవలేదు. ముందు "కుందుజ్ ఉందా, అమ్మ ఉందా?" అని అరిచాను. "ఉన్నారు, ఊరంతా ఉంది" అన్నారు. అప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. మేనమామ చావు కబురు విని ఊపిరి పీల్చుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది, నీకు కాక ఎవరికి చెప్పుకోను? తర్వాత ఏడిచాను.

వరద ఆయన బండిని లాక్కుపోయిందట, నా ఉత్తరాలు అందులోనే ఉన్నాయి. అల్తిన్ మాట నీకు చేరనే లేదు. మరి ఊరు ఎలా బతికింది? ఏ మాట అన్నావు?

అక్క


అయూ-సాయ్, మసీదు గుట్ట,
సెప్టెంబరు

అక్కా,

గుడారాలు గుట్ట మీద వేశాం. అమ్మ నా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది, ఆ వంకన ఏడుస్తోంది. అడిగావు కనుక చెప్తాను. ఎవరికీ ఇంత వివరంగా చెప్పలేదు.

మంచి ఎండ వేళ. బట్టలు ఉతికి ఆరేస్తున్నాను. చప్పుడు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ చప్పుడుకు భయపడ్డాను కదా, అది ఆగడం అంతకంటే భయం వేసింది. గుట్టెక్కి చూస్తే కట్ట మధ్యలో సందు పడి నీళ్ళు దూకుతున్నాయి. మంచు పలకలు పక్కలనుంచి విరిగి పడుతున్నాయి.

బటన్ నొక్కాను. "నీళ్ళొస్తున్నాయి!" అన్నాను. కుబాత్ గొంతు: "సరే వదినా, ఎవరి వంతు?" అని. "వంతు కాదు, సరస్సు, సరస్సు!" అంటే గరగరలో వాడికి వినబడలేదు. "చేలకా? అలాగే, అందరికీ చెప్తాను" అన్నాడు. అమ్మ పార పట్టుకుని ఏటి వైపు నడుస్తున్నట్టు కళ్ళకు కట్టింది.

అత్తయ్య పరుగెత్తుకొచ్చి నా పక్కన నిలబడింది. నేను ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా మొహం చూసింది. తల ఊపిందా లేదా, ఇప్పటికీ తెలియదు. నేను ఆ మాట అనేశాను. గొంతు చించుకుని అన్నాను, మళ్ళీ మళ్ళీ అన్నాను. అంటూ ఏడుస్తున్నాను.

కింద జరిగింది కుబాత్ తర్వాత చెప్పాడు. నా కేక విని వాడు మొదట నవ్వాడట, మళ్ళీ ఏదో ఆట అనుకుని. వాకిట్లో గడ్డి మోపులు దించుతున్న మామయ్య మోపు వదిలేశారట. "ఎవరది?" అన్నారట. "మీ కోడలే" అన్నాడు వాడు. మామయ్య మొహం తెల్లబోయిందట. వీధిలోకి వచ్చి అరిచారట:

"నా కోడలు నా పేరెత్తిందిరా! ఆ పిల్ల నోట ఆ మాట వచ్చిందంటే ఇక ఆట కాదు. లేవండి, గుట్టెక్కండి!"

కుర్రాళ్ళు అన్ని రోజులు అరిచినా కదలని ఊరు ఆ మాటతో కదిలింది. అమ్మ నిజంగానే పార పట్టుకుని కాలువ దాకా వెళ్ళింది. మామయ్యే గుర్రం మీద వెళ్ళి, "వియ్యపురాలా, తిట్టడం తర్వాత, ఎక్కు" అని చెయ్యి పట్టి లాగేశారట. కుబాత్ వాళ్ళు ముసలివాళ్ళను వీపున మోసుకొచ్చారు. ఇళ్ళు పోయాయి, మన ఇల్లు పోయింది, మీరు నాటిన విల్లో కొమ్మలన్నీ పోయాయి. గుట్ట మీద మనుషులు మిగిలారు.

సపర్ మామ ఒక్కడే ఏటి వంపు దగ్గర ఉన్నాడు. అందరి గురించీ ఆలోచించాం కానీ పాలబండికి రేడియో ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. గుట్ట మీంచి అందరూ చేతులూపారట, వెనక్కి వెళ్ళమని అరిచారట. పలకరిస్తున్నారనుకుని ఆయనా కిటికీలోంచి చెయ్యి ఊపాడట. ఇది చూసినవాళ్ళెవరూ ఇప్పుడు చెయ్యి ఊపడం లేదు అక్కా. ఎవరైనా వెళ్తుంటే ఊరికే నిలబడి చూస్తున్నారు.

మామయ్యకు నా మొహం చూపించలేక మూడు రోజులు ఎదురుపడలేదు. నాలుగో రోజు ఆయనే వచ్చారు. కుర్రాళ్ళంతా ఉన్నారు, కాలువ తవ్వడానికి పారలు పంచుకుంటున్నారు. ఈసారి మొదటి పార మామయ్యే తీసుకున్నారు. సరస్సు పూర్తిగా ఖాళీ కాలేదు, మళ్ళీ మంచు విరిగిపడి సందు మూసుకుపోయింది, నీళ్ళు మళ్ళీ చేరుతున్నాయి. కుబాత్ నీళ్ళు నములుతూ అడిగాడు, "తాతా, మాట మార్చేద్దామా? వదినకు ఇబ్బంది..." అని.

"మార్చొద్దు" అన్నారు మామయ్య. "మీరు రోజుకు పదిసార్లు అరిచే మాటయితే ఎవడు లేస్తాడు? ఆ మాట మీరెవరూ అనకండి ఇక. ఊళ్ళో ఎవరూ అనొద్దు. ఈ పిల్ల ఒక్కతే అనాలి. అనకుండా ఉండాలని నేను రోజూ కోరుకుంటాను." అని, నా వైపు చూడకుండా, "ముసలాడి పేరు ఒక పనికొచ్చింది" అన్నారు.

అప్పటినుంచీ ఊరు నా నోటి వైపు చూస్తోంది. నేను దగ్గితే చాలు, అమ్మ ఉల్లిపాయ పక్కన పెడుతుంది. నిద్రలో కలవరిస్తానేమోనని అత్తయ్య నా పక్కనే పడుకుంటోంది. నాకూ అదే భయం. కడుపులోది కదలడం మొదలైంది, దానికి కూడా ఆ మాట నేర్పకూడదు.

నువ్వు చదువు మధ్యలో వదిలి రావొద్దు. కాలువ ఎంత వాలు తవ్వాలో లెక్క కట్టి పంపు, ఇక్కడ పారలు ఎదురు చూస్తున్నాయి. కొత్త పాలబండికి రేడియో కూడా.

ఇంత పొడుగు ఉత్తరం రాశాను, మళ్ళీ మొదటినుంచి చదువుకో. ఆ మాట ఎక్కడా లేదు. లేనంతకాలం నువ్వు పడుకో అక్కా.

నీ కుందుజ్